నాకంటే పొడుగు బోర్డు

ఆ పొడుగాటి అట్టపెట్టె మా ఇంటికి వచ్చినప్పుడు నేను పనిలో ఉన్నాను. సాయంత్రం బాత్‌రోబులు కుట్టే కార్ఖానా నుంచి నడుచుకుంటూ షోలాపూర్ నీలం నగర్‌లో తెలుగు నేతవాళ్ళుండే మా సందులోకి తిరిగేసరికి ఎదురింటామె గడప మీదే కాపలా ఉంది.

"ఏందక్కా, కొత్త మంచం తెప్పిచ్చిండ్రా?"

"మంచం కాదు."

"మరి ఇస్త్రీ బల్లనా? మీ ఆయన ఎవ్వలకు చెప్తలేడు. అడిగితే ఊకె నవ్వుతుండు."

పెట్టెలో ఏముందో నాకు తెలుసు. నాకు ఒక్క మాట చెప్పకుండా తెప్పించాడన్నదే ఒళ్ళు మండించింది. ఇంట్లోకి వెళ్ళి చూస్తే మా ఆయన అప్పటికే పెట్టె విప్పి, బోర్డును గోడకు నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి చూస్తున్నాడు. షెడ్డులోకి కొత్త సాంచా, అంటే మరమగ్గం, దిగిన రోజు కూడా ఇదే చూపు. నేను వెళ్ళి దాని పక్కన నిలబడ్డాను. నా తల దాటి ఇంకా బెత్తెడు పైకి ఉంది.

"ఇది నాకంటే పొడుగుంది."

"ఉండనియ్. పెద్దగుంటే బ్యాలెన్స్ మంచిగుంటది. బస్సు కుదుపు ఎక్కువనా, స్కూటర్ కుదుపు ఎక్కువనా, నువ్వే చెప్పు."

"నాకు తగ్గది గడ్డం కాడికి రావాలె, మహా అయితే ముక్కు కాడికి. నువ్వే గదా చదివి చెప్పినవ్!"

"అది చిన్నపిల్లలకు," అన్నాడు, చూపు బోర్డు మీద నుంచి తిప్పకుండానే.

స్నోబోర్డు అంటే మంచు మీద జారే పలక. రెండు పాదాలనూ దాని మీద అడ్డంగా బిగించుకుని, పక్కకు తిరిగి నిలబడి కొండవాలు దిగాలి. షోలాపూర్‌లో మేం ఎరిగిన మంచు చెరుకురసం బండివాడు గోనెలో చుట్టి సుత్తితో పగలగొట్టేదే. అలాంటి ఊళ్ళో నలభై దాటిన ఆడదానికి ఈ పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి.

అంతకుముందు చలికాలం చుట్టాలమంతా కలిసి టూరు వాళ్ళతో మనాలి వెళ్ళాం. మంచు దగ్గరికి తీసుకుపోయి అందరికీ ఎవరెవరో తొడిగి విడిచిన కోట్లు, రబ్బరు బూట్లు అద్దెకిచ్చారు. మావాళ్ళు మంచు ఒకరి మీద ఒకరు చల్లుకున్నారు, ఫోటోలు దిగారు, చలికి వణుకుతూ నూడుల్స్ అమ్మే కొట్లో చేరారు. నేను కాళ్ళు సాగుతాయని బయట తిరుగుతుంటే, బోర్డు చంకలో పెట్టుకున్న ఒకాయన "చేసి చూస్తారా మేడమ్?" అని అడిగాడు. ఎందుకు సరేనన్నానో నాకే తెలియదు. పాదాలు బిగించాడు, రెండు చేతులూ పట్టుకుని కొంత దూరం నడిపించాడు, తర్వాత వదిలేశాడు.

మా సందంత దూరం జారి ఉంటాను. ఆ తర్వాత మంచులో మొహం గుచ్చుకుపోయేలా పడ్డాను. కానీ ఆ కొద్దిసేపూ చెవుల్లో ఏ చప్పుడూ లేదు. నేను పుట్టిన ఇంటికీ మెట్టిన ఇంటికీ గోడ అవతలే మరమగ్గాలు. వాటి దడదడ లేకుండా నా ఒళ్ళు కదలడం అదే మొదటిసారి. లేచి నిలబడ్డాక మళ్ళీ చేస్తానన్నాను. అప్పటికే టూరు వాళ్ళు ఈల వేస్తున్నారు.

ఇంటికి వచ్చాక కూడా అది తలలోంచి పోలేదు. కుట్టు మిషను ముందు కూర్చున్నప్పుడు కాళ్ళు పెడల్ మీద ఉన్నా, నడుము మాత్రం పక్కకు తిరుగుతుండేది. గుల్మార్గ్‌లో మొదటి నుంచి నేర్పే శిక్షణ ఉందని ఫోన్లో చూసి, వచ్చే చలికాలానికి పేరు నమోదు చేసుకున్నాను. తర్వాతే ఇంట్లో చెప్పాను. మా ఆయన ముందు పడీ పడీ నవ్వాడు. రెండు రోజుల తర్వాత నవ్వు మాని, "సామాను సంగతి నాకిడిసిపెట్టు. నీకు తెల్వదు," అన్నాడు.

తనకు మాత్రం ఏం తెలుసు! కానీ మొదలుపెట్టాడు. సాంచాలు నడుస్తుంటే వాటి మధ్య ఫోను పట్టుకుని నిలబడి, ఎక్కడెక్కడి వీడియోలూ చూసేవాడు. అన్నం తింటుంటే బోర్డు మెత్తదనం గురించి చెప్పేవాడు. నేను బట్టలు ఉతుకుతుంటే వచ్చి, నడుము దగ్గర పైకి వంగిన బోర్డు మేలా, బల్లపరుపుది మేలా అని అడిగేవాడు. నేను ఏదన్నా చెప్తే "అట్ల కాదే" అనేవాడు. నేర్చుకోబోయేది నేను, పడబోయేది నేను, కాని నిర్ణయాలన్నీ ఆయనవే.

ఒకరోజు వాకిట్లో వంగి బకెట్ ఎత్తి లేస్తున్నాను. వెనక నుంచి ఎవరో రెండు భుజాల మీదా చేతులు పెట్టి బలంగా తోశారు. బకెట్ ఒక దిక్కు, నేను ఒక దిక్కు. కింద పడకుండా ఎలాగో అడుగు వేసి నిలదొక్కుకుని చూస్తే మా ఆయన.

"కుడికాలు! కుడికాలు ముందల పెట్టినవ్!" అని చప్పట్లు కొడుతున్నాడు.

"పాణం మీదికి తెచ్చి సంబురపడుతున్నవా?"

"అరే, ముందుగాల చెప్తే టెస్టు సరిగ్గ రాదు. ఎన్కనుంచి తోస్తే ఏ కాలు ముందల పడుతదో బోర్డు మీద ఆ కాలే ముందలుండాలె."

ఈలోగా మా అత్తమ్మ లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది. ఎదురింటామె, ఆమె వెనక ఇంకో ఇద్దరు గుమ్మాల్లోకి వచ్చేశారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు మా ఆయన నా మీద చెయ్యి చేసుకున్నాడని సందంతా అనుకుంది.

"ఏందిరా, ఆడిపిల్లను గట్ల నూకుతవ్? సిగ్గులేదా?" అని అత్తమ్మ కొడుకు వీపు మీద ఒకటి వేసింది. నేను జరిగింది చెప్పాక కాసేపు ఆలోచించి, "కుడికాలే ముందు పెట్టింది గదా. మంచిదేలే," అని లోపలికి వెళ్ళిపోయింది. ఎదురింటామె మాత్రం నమ్మలేదు. ఆ వారమంతా నన్ను చూసినప్పుడల్లా "బాగున్నవా అక్కా?" అని ఒక రకంగా అడిగేది.

బూట్ల విషయంలో మాత్రం నేను పట్టు వదల్లేదు. బోర్డు అటూ ఇటూ అయినా ఫరవాలేదు గానీ బూట్లు సరిపోకపోతే అంతా వృథా అని చెప్పని వాడు లేడు. కాగితం గోడకు ఆనించి, మడమ గోడకు తాకేలా పెట్టి, పాదం కొలుచుకున్నాను. చిన్నప్పటి నుంచి చెప్పుల్లేకుండా గచ్చు మీద నిలబడి పెరిగిన కాళ్ళు నావి, పొడుగు తక్కువ, వెడల్పు ఎక్కువ. మొదటి జత పొడుగుకు సరిపోయింది, కానీ చిటికెన వేలు పక్క నుంచి నలిగిపోయింది. తిప్పి పంపించాను. "రెండు సైజులు పెద్దయి తీసుకో, మందం సాక్సులు ఏసుకుంటే కూసుంటయ్," అన్నాడు మా ఆయన, పిల్లలకు బడి బూట్లు కొన్నట్టు. మడమ లోపల లేస్తే బోర్డు మాట వినదని నేను చదివింది ఆయనకే చూపించాను. "రాసినోడు ఊరికే రాసిండు," అన్నాడు. రెండో జత వెడల్పుగా ఉన్నది వచ్చింది. సాయంత్రం పూట, కాళ్ళు ఉబ్బి ఉన్న వేళ, ఒక్క జత సాక్సులతో తొడుక్కుని ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. వేళ్ళు చివర తాకీ తాకనట్టు ఉన్నాయి, మోకాళ్ళు వంచితే వెనక్కి జరిగాయి. ఉంచేసుకున్నాను. బయట మధ్యాహ్నపు వేడి ఇంకా తగ్గలేదు. లోపల సాక్సులు చెమటతో పిండితే కారేలా ఉన్నాయి.

బట్టల దగ్గర అత్తమ్మతో తగాదా వచ్చింది. శిక్షణ వాళ్ళు పంపిన సూచనల్లో మొదటిదే నూలు బట్టలు వద్దని. నూలు చెమటను పీల్చుకుని తడిసిపోతుంది, తడిస్తే చలికి ఒళ్ళు గడ్డకడుతుంది. ఒంటికి ఆనుకుని ఉన్నిదో, తొందరగా ఆరే నైలాన్ లాంటిదో వేసుకోవాలి, దాని మీద ఫ్లీసు అనే మెత్తటి స్వెట్టరు, ఆ పైన నీళ్ళు దిగని కోటు. నేను ఇవన్నీ సర్దుకుంటుంటే అత్తమ్మ రెండు షోలాపూర్ చద్దర్లు, ఇంట్లో నేసిన తువ్వాళ్ళ దొంతర తెచ్చి సంచిలో కుక్కింది.

"అత్తమ్మా, పత్తి వద్దంటున్నరు."

"ఎవడాడు? పత్తి వద్దనేటోడు?"

"మంచుల తడుస్తదట."

"తడిస్తే ఆరేసుకుంటరు. ఇదేం మాట! మీ మామ బతుకంత పత్తి మీదనే గడిచె. నేను చలికి చచ్చిన్నా?"

షోలాపూర్ చలికీ అక్కడి చలికీ తేడా చెప్పబోతే "కశాలా గిదంత" అని, ఎందుకిదంతా అన్నట్టు, సగం మరాఠీలో విసుక్కుని వెళ్ళిపోయింది. ఒక చద్దరు గదిలో కప్పుకోవడానికి ఉంచి, మిగతావి ఆమె చూడకుండా బీరువాలో పెట్టాను. ఆమె చూసింది. రెండు పూటలు నాతో మాట్లాడలేదు.

ఇక పడినప్పుడు పిర్రలకు దెబ్బ తగలకుండా వేసుకునే మెత్త చడ్డీ. అది కొనడం ఎందుకు, నేనే కుట్టుకుంటానన్నాను. రోజూ బాత్‌రోబులు కుట్టే చెయ్యి, అదెంత పని? కార్ఖానాలో మిగిలిన ఫోము ముక్కలు తెచ్చి, మూడు పొరలు వేసి, అడ్డగీతలు కొట్టి బాగా కుట్టాను. వేసుకుని చూస్తే పరుపు కట్టుకుని నడుస్తున్నట్టుంది. అయినా నాకు గర్వంగానే అనిపించింది.

బయల్దేరే ముందు ఒక మధ్యాహ్నం కరెంటు పోయి కార్ఖానా మూసేస్తే ముందుగా ఇంటికి వచ్చాను. పై గదిలో ఏదో ధబ్బుమన్న చప్పుడు. వెళ్ళి చూస్తే మా ఆయన బనీనుతో, లుంగీ పైకి కట్టి, పరుపు మీద బోర్డు వేసి దాని మీద మోకాళ్ళు వంచి నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ చెరో వైపు చాపాడు. నన్ను చూసి ఉలిక్కిపడి దిగబోయి, కాలు బెల్టులో ఇరుక్కుని పరుపు మీద కూలబడ్డాడు.

"ఏం జేస్తున్నవ్?"

"చూస్తున్న. ఒంగుతదా లేదా అని. మాల్ చెక్ జేసుకోవద్దా?"

పక్కన స్క్రూడ్రైవరు ఉంది. బైండింగులు, అంటే పాదాలను పట్టి ఉంచే ఆ బెల్టుల కొక్కాలు, తనే బిగించాడు. నేను కిందికి వచ్చి టీ పెట్టుకున్నాను. అప్పుడైనా నాకు అర్థం కావలసింది.

నన్ను ఒంటరిగా పంపనని ఆయన కూడా బయల్దేరాడు. నెల రోజుల పాటు అందరికీ "ఆమెకు తోడు పోతున్న, ఏం జేస్తం" అని చెప్పుకుంటూ తిరిగాడు. సాంచాలు చూసే పని తమ్ముడికి అప్పగించాడు. రైల్లో ఆ బోర్డుతో పడిన పాట్లు చెప్పక్కర్లేదు. బెర్తు కింద పట్టలేదు, పైన నిలవలేదు. ఢిల్లీ దాకా నా పక్కనే మూడో మనిషిలా పడుకుంది. "కీబోర్డా?" అని అడిగిన ప్రతివాడికీ మా ఆయన మొదటి నుంచి పాఠం చెప్పాడు. వినేవాడు దిగిపోతే తర్వాతి వాడికి చెప్పాడు. నేను చద్దరు మొహం మీదికి లాక్కున్నాను.

గుల్మార్గ్‌లో మాకు నేర్పే ఆయన మధ్యవయసు కశ్మీరీ. ఎండకు నల్లబడ్డ మొహం, కళ్ళద్దాల మేర మాత్రం తెల్లటి పట్టీ. మొదటి రోజు పిల్లలు ఆడుకునేంత చిన్న వాలు మీద నన్ను నిలబెట్టాడు. నిలబెట్టాడు అనడమే గానీ, నిలబడితే గదా! బోర్డు నేను అటంటే ఇటు పోయింది. మడమ మీద బరువు వేస్తే బూటు బైండింగులో ఊగింది, బోర్డు మాత్రం కదల్లేదు. పడ్డాను, లేచాను, మళ్ళీ పడ్డాను. మధ్యాహ్నానికి నేను కుట్టిన చడ్డీ మంచునీళ్ళన్నీ పీల్చుకుని బిందెడు బరువైంది. నడుస్తుంటే పిచుక్ పిచుక్ అంటోంది. మరుగుదొడ్డిలో విప్పి పిండితే నేలంతా తడిసింది. అత్తమ్మ పత్తిని కాదని నేను తెచ్చిన తెలివి ఇదన్నమాట. చలికి పళ్ళు కొట్టుకుంటుంటే ఏడుపు కూడా వచ్చింది.

తిరిగి వచ్చేసరికి మాస్టారు నా బోర్డును తిరగేసి చూస్తున్నాడు. మా ఆయన పక్కన నిలబడి ఉన్నాడు.

"దీదీ, ఈ బోర్డు ఎవరిది?" అని హిందీలో అడిగాడు.

"నాదే."

"ఇది ఎనభై కిలోల మగమనిషిది. గట్టి బోర్డు. మీ బరువుకు వంగదు. బెల్టులు కూడా పెద్ద బూట్లకు చేసినవి, చివరి దాకా లాగినా మీకు వదులే." బెల్టులను వేలితో చూపించి, "మీకు కుడికాలు ముందు అన్నారు గదా. ఇది ఎడమకాలు ముందుకు బిగించి ఉంది. కొన్నప్పటి నుంచీ ఇంతేనా?"

నేను మా ఆయన వైపు చూశాను. నూలు పోగు మందం తేడా వస్తే సాంచా ఆపి సరిచేసే మనిషి. నా కాలు ఏదో వాకిట్లో తోసి మరీ తెలుసుకున్న మనిషి. అలాంటివాడు కుడీ ఎడమా మరచిపోయి బిగించడు. ఆ రోజు పరుపు మీద ఏ కాలు ముందుందో గుర్తుచేసుకున్నాను. ఎడమకాలు. ఆయన ఎత్తు చూశాను. బోర్డు ఆయన గడ్డం దాకా వస్తుంది.

గదికి వచ్చాం. తలుపు వేశాక అడిగాను.

"గిది ఎవరి కోసం తెచ్చినవ్?"

"నీ కోసమే." టీ గ్లాసులోకి చూస్తూ అన్నాడు. "నాక్కూడ అయితదని."

"మరి చెప్పొచ్చు గదా!"

"ఏమని చెప్పాలె? నువ్వు పోతనంటే పిచ్చిదంటరు, ఊకుంటరు. నేను పోతనంటే, వీడు సాంచాలు బందు వెట్టి ఆటలకు పోతుండు, వీని పని ఖతమైందంటరు. అరువుకు నూలిచ్చే సేటు మొకం గూడ జూడడు."

"అంటే పిచ్చి పేరు నా నెత్తికి రుద్ది, దాని చాటున నువ్వు జారుదామనుకున్నవా?"

నాకు కోపం ఆగలేదు. ఎదురింటామె మాటలు, కార్ఖానాలో పిల్లల నవ్వులు, నా ఎముకలు విరుగుతాయని చుట్టాల ఇళ్ళల్లో జరిగిన చర్చలు, అన్నీ నేను ఒక్కదాన్నే మోశాను. ఆయన పక్కన నిలబడి "ఏం జేస్తం, ఆమె వింటలేదు" అన్నాడు. ఒక్కసారి "నాకూ ఇష్టమే" అని ఉంటే సగం బరువు దిగేది. పైగా పొద్దంతా నాకు చేతకాదనే అనుకుని ఏడ్చాను. ఇవన్నీ అనేశాను. కంబళి కప్పుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాను.

అప్పుడే అత్తమ్మ ఫోన్ చేసింది. నేను మాట్లాడే స్థితిలో లేనని ఆయనే ఎత్తి స్పీకర్ పెట్టాడు.

"పిల్ల బాగున్నదారా? పడ్డదా?"

"పడ్డదే."

"నువ్వు పడ్డవా?"

"నేనెందుకు పడ్తనే?"

"చిన్నప్పుడు అక్కల్‌కోట్ రోడ్డు మీద ఇల్లు గడుతుంటే ఇసుక కుప్పలెక్కి గోనెసంచి మీద జారేటోనివి గదరా. చడ్డీలన్ని చింపుకొస్తే మీ నాయిన గుంజకు కట్టేసిండు. నీకు యాదికి లేదా?"

"యాదికున్నదే," అని ఫోన్ పెట్టేశాడు. నేను గోడ వైపు నుంచి తిరగలేదు గానీ, కోపం ముందున్నంత బిగిగా లేదు. అది కూడా నాకు చిరాకే. కోపం తెచ్చుకున్న రోజన్నా దాన్ని పూర్తిగా ఉండనివ్వరు.

మర్నాడు పొద్దున్నే ఆయన నా కోసం అద్దె దుకాణం నుంచి ఒక బోర్డు మోసుకొచ్చాడు. చూశాను. మళ్ళీ నా ముక్కు దాటి ఉంది. దాన్ని తీసుకుని నేనే దుకాణానికి వెళ్ళాను. నా బరువు చెప్పాను, నా బూటు చూపించాను. గడ్డం దాకా వచ్చే పాత బోర్డు ఒకటి ఇచ్చారు, బొమ్మ సగం చెరిగిపోయింది, చేత్తో నొక్కితే వంగింది. చిన్న బైండింగులు పెట్టించి, కుడికాలు ముందుకు బిగించమన్నాను. బెల్టు లాగి బిగిస్తే బూటు కదల్లేదు. పాదం వంచితే బోర్డు వంగింది. ముందురోజు రోజంతా రానిది, ఆ పూటే వచ్చింది. మడమల అంచు మీద నెమ్మదిగా జారి, ఆగాలనుకున్న చోట ఆగాను. మాస్టారు దూరం నుంచి బొటనవేలు పైకెత్తి చూపించాడు.

పొడుగు బోర్డు మా ఆయనకు మిగిలింది. బూట్లు అద్దెకు తీసుకుని, మాస్టారును బతిమాలి పాఠంలో చేరాడు. ఇన్ని నెలలు చదివిన మనిషి గదా, నాకంటే ముందే నేర్చేసుకుంటాడని భయపడ్డాను. కానీ బోర్డు గట్టిది, నేర్చుకునేవాడికి అసలే పనికిరాదు, ఆయన ఎత్తుకు సరిపోయినంత మాత్రాన లాభం లేదు. పైనుంచి బయల్దేరితే వేళ్ళ వైపు అంచు మంచులో గుచ్చుకుని చెక్కమొద్దులా ముందుకు పడేవాడు. లేచి, కళ్ళద్దాల మీది మంచు తుడుచుకుని, కింద ఉన్న నాకు పాఠం చెప్పేవాడు.

"నువ్వు మోకాళ్ళు ఒంచుతలేవ్!"

"ముందు నువ్వు నిలబడు!"

"మెత్త బోర్డు దొరికింది గనుక నీకు ఈజీ అయితుంది!"

పైకి లాక్కెళ్ళే తాడు దగ్గర ఇంకో గోల. కాళ్ళ మధ్య పళ్ళెం లాంటిది పెట్టుకుని దాని లాగుడుకు నిలబడి పైకి పోవాలి. ఆయన ప్రతిసారీ దాని మీద కూర్చోబోయేవాడు, పడేవాడు, వెనకున్నవాళ్ళంతా ఆగిపోయేవారు. తాడు నడిపేవాడికి షోలాపూర్ హిందీలో ఆ యంత్రం లోపం ఏమిటో వివరించేవాడు. నేను వేరే వరుసలో నిలబడి, ఆయన ఎవరో తెలియనట్టు కొండల వైపు చూసేదాన్ని.

శిక్షణ ముగిసేనాటికి నేను అటూ ఇటూ మలుపులు తీసుకుంటూ కిందిదాకా రాగలిగాను. గొప్పగా ఏమీ కాదు, అయినా వచ్చింది నా కాళ్ళతోనే. మా ఆయనకు ఒకటే వచ్చింది. మడమల అంచు మీద బోర్డును అడ్డంగా పెట్టి, రాలిన ఆకులా ఎడమకూ కుడికీ ఊగుతూ దిగడం.

చివరి రోజు మధ్యాహ్నం మేం పైన ఉండగా మంచు పడటం మొదలైంది. కాసేపటికి ఆకాశం, నేల ఒకటే తెలుపైపోయాయి. నా కళ్ళద్దాల గాజు బాగా నల్లది. కొన్నప్పుడు ఎండ గురించే ఆలోచించాను, షోలాపూర్ మనిషిని గదా. మబ్బు పట్టినప్పుడు పసుపు గాజు కావాలని చదివి కూడా అవసరం లేదనుకున్నాను. ఇప్పుడు పెట్టుకుంటే చీకటి, తీస్తే కళ్ళల్లో మంచు. ఎక్కడ వాలో ఎక్కడ గుంతో తెలియడం లేదు. ఒక మలుపు తీసుకోబోయి పడ్డాను.

మా ఆయన అద్దె కళ్ళద్దాలది పసుపు గాజు. మెల్లగా ఊగుతూ నా పక్కకు వచ్చి ఆగాడు. ఆగడం మాత్రం బాగా వచ్చింది.

"కనిపిస్తలేదా?"

"లేదు."

"నాకు కనిపిస్తుంది. నా ఎన్క రా."

ముందు ఆయన, వెనక నేను. ఆయన నారింజరంగు కోటు ఒక్కటే నాకు ఆనవాలు. ఆ నడక ఎంత నిదానమంటే, మా సందులో నీళ్ళ బిందె మోసుకొచ్చే ముసలావిడ కూడా మమ్మల్ని దాటిపోతుంది. మలుపులు నేర్చుకున్న నేను, మళ్ళీ మొదటిరోజులా అడ్డంగా జారుకుంటూ, ప్రతి పది గజాలకూ ఆయన ఆగితే ఆగుతూ వచ్చాను.

"ఈడ గడ్డ ఉన్నది, జర ఆగు!" "ఇగ ఎడమకు!" "నీ ఎడమ కాదే, నా ఎడమ!"

"ఇద్దరిదీ ఒకటే గదయ్యా, ఇద్దరం ఒక్క దిక్కే చూస్తున్నం!"

"అయితే రా మరి!"

అరుచుకుంటూనే కిందికి చేరాం. చదునైన నేల తగిలింది. అక్కడే మంచులో కూర్చున్నాను. ఆయన బెల్టులు విప్పి, మీసం మీది మంచు దులుపుకుని, తాడు వైపు చూశాడు. ఆపేయబోతున్నారు.

"ఇంకొక్కసారి పోయొస్త," అన్నాడు.

"ఏం కనిపిస్తలేదు గదా!"

"నాకు కనిపిస్తుంది."

బోర్డు చంకలో పెట్టుకుని మంచులో తూలుకుంటూ పోయాడు. తాడువాడు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఈయన ఏదో చెప్తున్నాడు, చేతులు తిప్పుతున్నాడు. చివరికి వాడు పళ్ళెం అందించాడు. ఈసారి కూర్చోలేదు, నిలబడే పోయాడు. నారింజరంగు కోటు తెలుపులో కలిసిపోయింది. నేను బూట్ల లేసులు వదులు చేసుకుని, వేళ్ళకు రక్తం ఎక్కే దాకా కదిలిస్తూ, ఆయన ఎక్కడ నుంచి దిగుతాడోనని కొండ వైపు తిరిగి కూర్చున్నాను.